రంగు దిగని ఎత్తులో చాయ్

హెలికాప్టర్ ఇంజను ఆపలేదు. నన్ను, నా కిట్టును, రెండు కిరోసిన్ డబ్బాలను మంచు మీద దించి నిమిషంలోపే లోయలోకి జారిపోయింది. ఉదయం ఏడూ ఇరవై. ఎత్తు పంతొమ్మిది వేల అడుగులు. ఉత్తరపు గాలి. నాలుగడుగులు వేసి ఆగాను. ఊపిరి అందలేదు. పోస్టు అక్కడికి డెబ్బై గజాలు. ఆ డెబ్బై గజాలు నడవడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

నేను యాకుత్‌పురాలో పుట్టి పెరిగినవాణ్ని. మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆర్మీలో చేరేదాకా నేను ఎక్కిన ఎత్తైన చోటంటే చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరే. ఆ ఉదయం తలెత్తి చూస్తే తూర్పున ఒకదాని వెనక ఒకటి శిఖరాలు, లెక్కకు అందనన్ని. ఎండ వాటి మీద పడుతోంది, నా మీద ఇంకా పడలేదు. చప్పుడు లేదు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. దేవుడు తన పని చేసుకుంటున్న చోటికి పిలవకుండా వచ్చినట్టు అనిపించి, ఎందుకో తల దించుకున్నాను.

పోస్టు అంటే ఫైబరు గుడిసె ఒకటి. పన్నెండడుగులు, పది అడుగులు. అందులో ఆరుగురం. పోస్టు కమాండరు సుబేదార్ సాబ్. నర్సింగ్ అసిస్టెంటు. వంటాయన. ఇద్దరు జవాన్లు. రేడియో ఆపరేటరును నేను. డ్యూటీ తొంభై రోజులు.

సుబేదార్ సాబ్ మొదటి పూటే ఆర్డర్లు చెప్పాడు. తాడు కట్టుకోకుండా గుడిసె దాటకూడదు. ఉత్త చేత్తో ఇనుము ముట్టుకోకూడదు. గంటకోసారి రేడియోలో కింది క్యాంపుకు క్షేమమని చెప్పాలి. దగ్గు వస్తే దాచకూడదు. ఈ చివరిది రెండుసార్లు చెప్పాడు.

నిద్ర గురించి ఎవరూ ముందు చెప్పలేదు. ఆ ఎత్తులో కన్ను మూతపడగానే ఊపిరి ఆగుతుంది. నీళ్లలోంచి పైకి లేచినట్టు ఉలిక్కిపడి లేస్తాం. మళ్లీ మూస్తాం, మళ్లీ లేస్తాం. రాత్రి గంటకొకరం చొప్పున కాపలా. బయట మైనస్ ముప్పై ఐదు. మధ్యలో గుడిసె కప్పు మీది మంచు పారతో తోయాలి, లేకపోతే కప్పు కూలుతుంది. వారం తిరిగేసరికి నాకు పగలేదో రాత్రేదో తెలియకుండా పోయింది. ఓసారి రేడియో ముందు కూర్చుని మా బస్తీ పక్కనున్న దబీర్‌పురా స్టేషన్‌లో రైలు అనౌన్స్‌మెంటు విన్నాను. స్పష్టంగా విన్నాను.

ఆ రాత్రుల్లో మమ్మల్ని మనుషులుగా ఉంచింది వంటాయన చాయ్.

ఆయనది ఉత్తరాది కుమావూ కొండల్లోని పల్లె. నలభై దాటిన మనిషి. ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఎవరు కాపలా దిగి వచ్చినా లేచేవాడు. ఆయన నిద్రపోగా నేను చూడలేదు. అంత ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయి గానీ సరిగ్గా వేడెక్కవు. చాయ్‌పత్తి, అంటే తేయాకు పొడి, ఎంత వేసినా రంగు దిగదు. అందుకని ప్రెషర్ కుక్కర్‌లో పెట్టేవాడు. మంచు కరిగించి, పత్తి వేసి, రెండు విజిళ్లు. తర్వాత పాలపొడి, చక్కెర. కిరోసిన్ వాసన కొట్టేది. అయినా కాపలా దిగి, కనుబొమ్మల మీది మంచు ఊడదీసుకుని, ఆ స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నప్పుడు గొంతులోకి దిగిన వేడి నాకు ఇంకా గుర్తుంది.

మీ ఊళ్లో చాయ్ ఎట్లా చేస్తారని ఒకరోజు అడిగాడు. మా గల్లీ చివరి హోటల్ సంగతి చెప్పాను. డికాక్షన్‌ను దమ్ మీద పెడతారు, మూత అంచుకు తడి గుడ్డ చుట్టి సన్నమంట మీద అరగంట కదిలించరు, పాలు వేరే కాచి చిక్కబరుస్తారు, రెండూ కప్పులోనే కలుస్తాయి అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అరగంట కిరోసిన్ చాయ్‌కి ఖర్చు పెడితే సుబేదార్ సాబ్ ఇద్దరినీ లోయలోకి తోస్తాడన్నాడు.

నలభై ఒకటో రోజు తుపాను మొదలైంది. మధ్యాహ్నం మూడింటికి చెయ్యి చాస్తే చెయ్యి కనిపించలేదు. గుడిసెకూ కాపలా గుంటకూ మధ్య తాడు పట్టుకుని పాకుతూ వెళ్లాం. మూడో రోజు ఉస్తాద్ గ్లాసు అందిస్తూ మధ్యలో ఆగాడు. పక్కకు తిరిగి దగ్గాడు. అప్పటికి రెండు రోజులుగా దగ్గుతున్నాడట, గాలి హోరులో మాకు వినిపించలేదు. నర్సింగ్ అసిస్టెంటు ఆయన చేతిరుమాలు లాక్కుని చూశాడు. గులాబి రంగు నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కిందికి దించకపోతే బతకడు. హెలికాప్టరు ఎగిరే వాతావరణం లేదు. ఆక్సిజన్ సిలిండర్లు రెండే ఉన్నాయి. ఎందుకు దాచావని సుబేదార్ సాబ్ అడిగాడు. నేను పడుకుంటే చాయ్ ఎవరు చేస్తారు సాబ్ అన్నాడు ఉస్తాద్.

ఐదో రాత్రికి రెండో సిలిండరు సగమైంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టాం. వీపు వెనక నర్సింగ్ అసిస్టెంటు తన వీపు ఆనించాడు. కింది క్యాంపు ఆపరేటరు సిద్దిపేట దిక్కు మనిషి. రేడియోలో మన భాష మాట్లాడకూడదు. ఆ రాత్రి మాట్లాడాడు.

"తమ్మీ, ఉస్తాద్ ఎట్లున్నడు?"

"కూసున్నడన్నా. పండితే ఊపిరాడుతలేదు."

"పండనియ్యకుండ్రి. డాక్టర్ సాబ్ నా పక్కనే ఉన్నడు. నేను సెట్టు బంద్ చెయ్య. ఫికర్ చెయ్యకు."

ఉస్తాద్ కళ్లు తెరిచే ఉన్నాయి. మూస్తే మళ్లీ తెరవనేమోనని భయం, అది నాకు కనిపించింది. గుడిసె వెచ్చబెట్టే స్టవ్ ఎలాగూ మండుతోంది. దాని అంచున కుక్కర్ పెట్టాను. మూతకు తడి గుడ్డ చుట్టాను. అరగంట కదిలించలేదు. పాలపొడి వేరే గిన్నెలో చిక్కగా కలిపి కాచాను. సుబేదార్ సాబ్ చూస్తూనే ఉన్నాడు. మాస్కు పక్కకు జరిపి చెంచాతో పట్టాను. ఉస్తాద్ నాలుక మీదే ఉంచుకున్నాడు చాలాసేపు. తర్వాత మింగాడు. ఇంకో చెంచాకు నోరు తెరిచాడు. తెల్లవారేదాకా గంటకు నాలుగు చెంచాలు. ఆ రాత్రి మాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఐదూ నలభైకి గాలి ఆగింది. తగ్గడం కాదు, ఆగింది. చెవుల్లో ఆ నిశ్శబ్దం నొప్పి పుట్టించింది. రేడియో పలికింది. పైలట్ బయల్దేరుతున్నాడు. ఆరూ ఇరవైకి మా మీద ఉంటాడు. ఆయన వచ్చాక, మేఘం మళ్లీ కమ్మేలోపు ఇరవై నిమిషాలే సమయం.

బయటికి పరిగెత్తాం. హెలిపాడ్ లేదు. డబ్బాలతో, ఎర్ర గుడ్డలతో పెట్టిన హెచ్ గుర్తు మీద రెండడుగుల కొత్త మంచు. నేల, ఆకాశం ఒకటే తెలుపు. అలాంటి తెలుపులో పైలట్‌కు నేల ఎక్కడుందో తెలియదు. పొగ డబ్బా ఒకటి మిగిలింది, అది వెలగలేదు. బట్టలు పరిస్తే రెక్కల గాలికి ఎగిరి రెక్కల్లోనే చిక్కుకుంటాయి. నేనూ సుబేదార్ సాబూ లోపలికి వచ్చాం, రేడియోలో సంగతి చెప్పాను.

"నల్లగ ఏదన్నుంటే పెట్టుండ్రి తమ్మీ," అన్నాడు కింది ఆపరేటరు. "గుర్తు లేకుంటే ఆయన దిగడు. దిగొద్దని ఆర్డర్ ఉంది."

ఆ మాట నేను హిందీలో చెప్పగానే ఉస్తాద్ చెయ్యెత్తాడు. "చాయ్," అన్నాడు.

నర్సింగ్ అసిస్టెంటు గ్లాసు అందుకున్నాడు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. అల్మారాలోని టిన్ను చూపించాడు. తర్వాత తలుపు చూపించాడు. "చాయ్‌పత్తీ," అన్నాడు. "వేడినీళ్లు పొయ్యండి. గడ్డ కడుతుంది. ఎగరదు."

సుబేదార్ సాబ్ ఒక్క క్షణం ఆయన్నే చూశాడు. అంతానా అని అడిగాడు. ఉస్తాద్ కళ్లతోనే అవునన్నాడు.

మూడు కిలోల చాయ్‌పత్తి. కొత్త మంచును బూట్లతో తొక్కి గట్టి చేశాం. పది అడుగుల గీతలు రెండు, మధ్యలో అడ్డంగా ఒకటి. జవాన్లు పత్తి చల్లుతుంటే నేను కుక్కర్‌లోని మరుగునీళ్లు పోసుకుంటూ వెళ్లాను. పోసినచోటల్లా ఆవిరి లేచింది, మరుక్షణం గడ్డకట్టింది. అప్పుడు వాసన వచ్చింది. నలభై ఆరు రోజులుగా కిరోసిన్ తప్ప ఏ వాసనా ఎరగని ముక్కులు మావి. మేమందరం ఒక్కసారే పని ఆపాం. ఎవరూ చెప్పలేదు, ఆపాం అంతే. అంత పెద్ద కొండల నడుమ, ఏమీ మొలవని ఆ మంచు మీద, చాయ్ వాసన. సుబేదార్ సాబ్ కళ్లు తుడుచుకుని, కదలండి అన్నాడు.

ఆరూ ఇరవై రెండుకు చప్పుడు వినిపించింది. ఆరూ ఇరవై ఐదుకు దిగాడు. గుర్తు చెదరలేదు. స్లీపింగ్ బ్యాగులో చుట్టి ఎత్తి లోపల పెట్టాం. నలభై సెకన్లు. అంతే.

తర్వాత పదకొండు రోజులు సరుకులు రాలేదు. చాయ్ లేదు. పాలపొడి కలిపిన వేడినీళ్లు తాగి రాత్రులు గడిపాం. రెండో రోజు ఒక జవాను హెలిపాడ్ నుంచి గోధుమ రంగు మంచుగడ్డ చెక్కి తెచ్చి మరగబెట్టాడు. అందరం రెండేసి గుక్కలు తాగాం, సుబేదార్ సాబ్ కూడా. తాగి, అది దిగే గుర్తు, రేపటి నుంచి ఎవరూ ముట్టుకోవద్దని ఆర్డరేశాడు.

మూడు వారాలకు కింది ఆపరేటరు కబురు తెచ్చాడు. ఉస్తాద్ బతికాడు. ఆస్పత్రిలో నడుస్తున్నాడు. "పైన చాయ్ ఎవరు చేస్తుండ్రని అడుగుతుండు తమ్మీ." నేనే చేస్తున్నానని చెప్పమన్నాను. మూత గట్టిగా పెట్టమన్నాడని జవాబు వచ్చింది.

తొంభై నాలుగో రోజు దిగాను. కాచిగూడలో రైలు దిగి లోకల్ పట్టుకుని యాకుత్‌పురా చేరేసరికి బాపు ప్లాట్‌ఫామ్ మీద ఉన్నాడు. పదమూడు కిలోలు తగ్గాను. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత నా సంచి భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఇంట్లోనూ నిద్ర రాలేదు. గంటకోసారి లేచేవాణ్ని. ఫ్యాను చప్పుడు గాలిలా వినిపించేది. సర్వీసు వదిలాక కూడా చాలా కాలం అంతే. బాపు ఏనాడూ ఏం జరిగిందని అడగలేదు. ముప్పై ఏళ్లు పట్టాల వెంబడి నైట్ డ్యూటీ చేసినవాడు. ఒక రాత్రి నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"నిద్ర రాకుంటే రాకపాయె బిడ్డా. గింత పరేషాన్ ఎందుకు? కూసో, చాయ్ పెడ్త."

పెట్టాడు. సాసర్లో పోసుకుని ఇద్దరం తాగాం. ఆ తర్వాత ఎన్నో రాత్రులు అట్లా కూర్చున్నాం. ఉస్తాద్ కథ నేను మొదట చెప్పింది ఆయనకే. విని, గ్లాసు కింద పెట్టి, ఆ మనిషి ఊరేదని మాత్రం అడిగాడు.

బస్తీలో పిల్లలు అక్కడ ఏం చూశావన్నా అని అడుగుతుంటారు. శిఖరాలు చూశాను, తుపాను చూశాను. కానీ కళ్లు మూసుకుంటే వచ్చేది వేరు.

నేను దిగే రోజు ఉదయం. కొత్తగా వచ్చేవాళ్ల కోసం హెలిపాడ్ అంచున మెట్లు తవ్వుతున్నాను. పార మూడడుగులు దిగింది. తెల్లటి మంచు గోడలో ఒక గోధుమ గీత. వేలెడు మందం. కింద పాత మంచు, పైన కొత్త మంచు. ఎండ దాని మీద పడి తేనెలా మెరుస్తోంది. ఈ మంచు అంతా నదేనని, చాలా నెమ్మదిగా కిందికి నడుస్తుందని, ఎన్నో ఏళ్లకు లోయలో కరిగి ఏరవుతుందని సుబేదార్ సాబ్ ఓసారి చెప్పాడు. పార పక్కన పెట్టాను. చేతి తొడుగు తీసి ఆ గీత మీద వేలు ఆనించాను. వేలి వేడికి ఒక్క చుక్క కరిగింది. చాయ్ వాసన వచ్చింది.