ఎవరూ అడగని పాటలు

కర్నూలు రాజధానిగా ఉన్న కాలమది. ఊరికి మంత్రులు వచ్చారు, డేరాలు వచ్చాయి, నీళ్ళు మాత్రం రాలేదు. ఆ రోజుల్లో మా మేనమామకు ఒక బ్యాండు మేళం ఉండేది. ఆయన క్లారినెట్ వాయించేవాడు. మేళంలో మనుషులు తక్కువ, చప్పుడు ఎక్కువ. నాకు సంగీతం రాదు కాబట్టి తాళం చిప్పలు ఇచ్చారు. "రెండు చిప్పలూ ఒకదానికొకటి తగిలితే చాలు అల్లుడా, మిగతాది జనం సర్దుకుంటారు" అన్నాడు మామ.

మా పాటలన్నీ బస్టాండు దగ్గరి టీ హోటల్లో గ్రామఫోను ముందు కూర్చుని నేర్చుకున్నవే. హోటలాయన ఏ పాటల ప్లేటునైనా ఒకవైపే వేసేవాడు. జనం అడిగేది ఆ వైపే. మామకేమో రెండోవైపు పిచ్చి. "ఒక్కసారి తిరగెయ్యప్పా" అని బతిమాలేవాడు. "అది ఏస్తే గిరాకీ లేసిపోతాది. ఆ రెండోవైపు ఉత్తగనే ఉండాదిలే, ప్లేటుకు మందం కావాల గదా" అనేవాడు హోటలాయన. జనం లేని మధ్యాహ్నం పూట ఎప్పుడైనా తిప్పి వేస్తే, మామ కళ్ళు మూసుకుని వినేవాడు. నేనూ కళ్ళు మూసుకునేవాణ్ణి. నాది నిద్ర.

అట్లా ఎవరికీ పట్టని పాటలు విని విని మామ సొంతంగా ఒకటి కట్టుకున్నాడు. అది నెమ్మదిగా మొదలై, ఇంకా నెమ్మదిగా నడిచేది. ఏ పెండ్లిలో ఎత్తుకున్నా సగానికి వచ్చేసరికి ఎవరో ఒకరు "ఏమప్పా, ఇది పెండ్లా, తద్దినమా?" అనేవారు. మామ ఆపేసి సినిమా పాట అందుకునేవాడు. ఆ పాటను చివరిదాకా విన్నవాడు భూమ్మీద లేడు. సాధన చేసేటప్పుడు కూడా మా డోలు పెద్దాయన సగంలో బీడీకి లేచేవాడు. చచ్చేలోగా ఒక్కసారి దాన్ని జనం మధ్య పూర్తిగా వాయించాలన్నది మామ కోరిక. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. చావుకు తొందర లేదు గానీ కోరికకు ఉండేది.

ఒక వేసవి సాయంత్రం కోడుమూరు పెండ్లికొడుకును కర్నూల్లో ఆడపెండ్లివాళ్ళ ఇంటికి మెరవణిగా తీసుకుపోతున్నాం. పాత ఊర్లో నాలుగు దోవలు కలిసేచోట ఎదురుగా ఇంకో మెరవణి వచ్చింది. కడప పెండ్లివాళ్ళది. వాళ్ళ మేళం టోపీలకు జరీ అంచు ఉంది. మా టోపీలకు చెమట అంచు ఉంది.

రెండు మెరవణులు ఎదురుపడితే మా వైపు ఒక పద్ధతి ఉండేది. ఎవరూ తప్పుకోరు, మేళాలు తేల్చుకోవాలి. వంతులవారీగా ఒక్కో పాట. ఒకసారి వినిపించిన పాటను, అది ఎవరిదైనా సరే, మళ్ళీ ఎత్తుకున్న మేళం ఓడినట్టు. ఓడినవాళ్ళు పక్క సందులోకి తప్పుకుని దోవ ఇవ్వాలి. కట్టెలతో కొట్టుకోవడం కన్నా ఇది మేలని పెద్దలు పెట్టి ఉంటారు. ఆ పెద్దలు మా మేళాన్ని విని ఉండరు.

పెండ్లికొడుకు తండ్రి మామ దగ్గరికి వచ్చి, "మా పరువు నీ నోట్లో ఉండాదప్పా" అన్నాడు. మామ నోట్లో అప్పటికి వక్కాకు ఉంది. దాన్ని ఉమ్మేసి క్లారినెట్ పెట్టాడు.

సినిమా పాటలు తొందరగానే అయిపోయాయి. అటూ ఇటూ అందరూ టీ హోటళ్ళలో చదువుకున్నవాళ్ళే. భజనలు అయిపోయాయి. ఇక అడుగున పడి ఉన్నవి తీయాల్సి వచ్చింది. సర్కసువాళ్ళ ఏనుగు కోసం ఎప్పుడో వాయించింది తీశాం. పెండ్లికొడుకు ఎక్కిన గుర్రానికి అది నచ్చలేదు. పోలీసు కవాతు పాట ఎత్తుకుంటే జనంలోంచి ఇద్దరు మెల్లగా జారుకున్నారు. కడప వాళ్ళు పీర్ల పండగ దరువు తీశారు, వడ్లు దంచే పాట తీశారు. మేం జోలపాట వాయించాం, బడి ప్రార్థన వాయించాం. ఏమీ మిగలక డోలు పెద్దాయన చేతులు తమంతట తామే శవం ముందు కొట్టే దరువులోకి దిగాయి. పెండ్లికొడుకు తండ్రి ఎగిరి డోలు మీద పడ్డాడు.

"ఏయ్ ముసలోడా! నా కొడుకును యాడికి తీస్కపోతాండావు?"

"ఇంతవరకూ ఎవురూ కొట్టలే గదప్పా" అన్నాడు పెద్దాయన నిజాయితీగా.

మామ నా వైపు చూశాడు. "అల్లుడా, ఇంగేముండాది మన దగ్గర?"

"నీ పాట ఉండాది మామా. అదెవురూ వాయించుండరు. ఆ నమ్మకం నాకు శానా ఉండాది."

ఎగతాళికే అన్నాను. మామ నిజమనే తీసుకుని మొదలుపెట్టాడు. మావాళ్ళు అలవాటుగా విసుక్కోబోయారు గానీ, ఆపితే ఓటమి. "కానీ, కానీ" అన్నాడు పెండ్లికొడుకు తండ్రి, ఆముదం తాగుతున్న ముఖంతో. పాట సగం దాటింది. అక్కణ్ణుంచి అంతా నేనూ విననిదే. చిప్పలు ఎక్కడ కొట్టాలో తెలియక గమ్మున ఉండిపోయాను. పాటకు నేను చేసిన మేలు అదేనని తర్వాత అందరూ అన్నారు. ఆ వరస ఎక్కడికో కిందికి దిగింది, పైకి రావాలన్న తొందర దానికి లేదు. గుర్రం కూడా కదలడం మానేసింది.

కడప మేళం పెద్ద మామ ఈడువాడే. తల వంచుకుని విన్నాడు. మామ ఆ వరసను రెండోసారి తిప్పుతుంటే, పోటీ సంగతే మరిచిపోయి తన క్లారినెట్ ఎత్తి వెనకాలే అందుకున్నాడు.

"ఎత్తుకున్న్యాడు! మన పాట ఎత్తుకున్న్యాడు! కడప ఓడిపాయ!" అని మావాళ్ళు అరిచారు.

"గెల్చినాం, ఇంగ ఆపప్పా, పోదాం పా" అన్నాడు పెండ్లికొడుకు తండ్రి.

మామ ఆపలేదు. ఆపితే అది మళ్ళీ సగంలోనే చచ్చేది. పద్ధతి ప్రకారం కడప మెరవణి పక్క సందులోకి తప్పుకుంది. వాళ్ళ పెద్ద వాయిస్తూనే తప్పుకున్నాడు. మామ వాయిస్తూనే అతని వెంట పోయాడు. మామ వెనక మా బాకాలవాళ్ళు పోయారు. గెలిచిన మేళం ఓడిన పెండ్లితో వెళ్ళిపోయింది.

గెలిచిన పెండ్లికి మిగిలింది నేను, నా చిప్పలు, బీడీ ముట్టించుకోవడానికి ఆగిన డోలు పెద్దాయన.

"మీరన్నా ఏమన్నా వాయించండిరా" అన్నాడు పెండ్లికొడుకు తండ్రి.

"నాకు మిగిలింది ఇందాకటి దరువేనప్పా" అన్నాడు పెద్దాయన.

మేళం లేకుండానే నడిచాం. ఆడపెండ్లివాళ్ళ వాకిట్లో ఒకాయన ఎదురొచ్చి, "మేళం యాడప్పా?" అని అడిగాడు.

"గెల్చింది" అన్నాను.

"గెలిస్తే ఈడ ఉండాల గదా?"

"ఓడినోళ్ళతో పోయింది."

భోజనాల వేళకు మామ వచ్చాడు. పెండ్లికొడుకు తండ్రి తిట్టాల్సినవన్నీ తిట్టాడు. మామ అన్నిటికీ తల ఊపి విస్తరి ముందు కూర్చున్నాడు. నేను పక్కన చేరాను.

"చివరిదాకా వాయించినావా మామా?"

"వాయించినా."

"ఎవురూ ఆపలేదా?"

"ల్యా. సందులో ఆవు గూడా అడ్డం రాలే."

"చివర ఎట్లుంటాది?"

మామ పప్పులో నెయ్యి కలుపుకున్నాడు.

"కొంచెం పొడుగైంది" అన్నాడు. "ఆ కడపాయన గూడా అదే అన్న్యాడు."