నేను తీసేసిన రెండు వాక్యాలు

రెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, అది మాత్రం దిగదు, బయటికీ రాదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పిరికివాణ్ణని ముందే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అనంతపురంలో ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. రైతు ఫోన్లో మాట్లాడితే ఏఐ ఏజెంటు విని, తన చేతిలో ఉన్న టూల్స్‌లో తగినదాన్ని ఎంచుకుని పని చేస్తుంది. వాన కబురు చెప్పడానికి ఒక టూల్, బోరు మోటరు ఆన్ చేయడానికి ఇంకొకటి. ఏజెంటుకు మోటరు తెలియదు, తోట తెలియదు. ఆ టూల్ గురించి రాసిపెట్టిన నాలుగు మాటలే దానికి తెలిసిన లోకం. ఆ నాలుగు మాటలు రాసేది నేను.

మోటరు టూల్‌కు మొదట ఇలా రాశాను: "బోరు మోటరును ఆన్ చేస్తుంది. ఆన్ చేసే ముందు బోరు దగ్గర ఎవరైనా ఉన్నారా అని అడగాలి. ఎవరూ లేరని జవాబు వస్తేనే ఆన్ చేయాలి." ఇదేమీ నా తెలివి కాదు. కంబదూరు దగ్గర మా ఊళ్లో ఎవరు మోటరు వేసినా ముందు బోరు వైపు తిరిగి గట్టిగా కేక వేస్తారు. అటునుంచి ఊఁ అని పలుకు రావాలి, లేదా తామే పోయి చూసి రావాలి. ఆ కేక వేయకుండా మా నాయన స్టార్టరు ముట్టుకోగా నేను చూడలేదు.

రైతులు విసుక్కున్నారు. కరెంటు ఉండేదే కాసేపు, అందులో ఈ ప్రశ్నలేమిటన్నారు. ప్రశ్నలు తగ్గించమని మా మేనేజరు చెప్పాడు. ఏ ప్రశ్న తీసేయాలో ఆయన చెప్పలేదు. అది నేనే ఎంచుకున్నాను. ఎవరైనా చేత్తో మోటరు ఆపి ఉంటే మాత్రం తప్పక అడగాలి అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఆ సంగతి నాకు తట్టలేదా? తట్టింది. అలా రాస్తే అన్నీ మళ్లీ పరీక్షించాలి, మర్నాడే కంపెనీ పెద్దల ముందు చూపించాలి. చివరి రెండు వాక్యాలూ తీసేశాను. మర్నాడు ఒక్క మాటకే మోటరు తిరిగింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు చాలా సంతోషం వేసింది. ఇప్పుడు నన్ను ఎక్కువగా తినేది ఆ సంతోషమే.

ఆ ఎండాకాలంలోనే మా పక్క ఊరి రైతు ఓబులేసు మోటరు ఆపి, బోరు దగ్గర తెగిన కేబులుకు అతుకు వేసి టేపు చుడుతున్నాడు. ఫ్యూజు తీయలేదు. టేపు కోసం కల్యాణదుర్గం పోయిన మనిషి ఇంకా తిరిగి రాలేదనుకుంది ఇంట్లో ఉన్న భార్య ఈశ్వరమ్మ. కరెంటు వచ్చింది. చీనీచెట్లు, అదే బత్తాయి చెట్లు, వాడుతున్నాయి, నీళ్లు పెట్టమని ఫోన్‌కు చెప్పింది. ఏజెంటు సరేనంది. ఆమె పోయి చూసేసరికి నీళ్లు పాదుల్లోకి పారుతూనే ఉన్నాయి. ఓబులేసు బోరు పక్కన పడి ఉన్నాడు.

విషయం తెలిసిన రోజే, ఎవరూ చూడకముందే, ఆ రెండు వాక్యాలూ మళ్లీ పెట్టేశాను. మార్పుల పట్టీలో దానికి చిన్న మార్పులు అని పేరు పెట్టాను. కంపెనీవాళ్లు ఏం జరిగిందో చూసుకున్నారు. ఆమె చెప్పింది, ఏజెంటు చేసింది, లోపమేమీ లేదన్నారు. ఆ ప్రాంతంవాణ్ణని నన్నే పరామర్శకు పంపారు.

ఈశ్వరమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె దగ్గర ఎవరూ కూర్చోలేదు. మొగుణ్ణి చేతులారా చంపుకుందని ఆమె అత్త నాకు వినబడేలాగే అంటోంది. ఈశ్వరమ్మ నన్ను మెల్లగా అడిగింది.

"ఆయప్ప యాడుండాడని అది నన్ను ఒక్క మాట అడిగింటే, పోయి చూసొస్తాంటి కదన్నా. ఎందుకు అడగలేదు?"

"అది అడగదు తల్లీ. మిషను కదా, చెప్పింది చేస్తాది. మనమే చూసుకోవల్ల."

ఆమె తల ఊపింది. నమ్మింది. అంతవరకూ తప్పు తనొక్కదానిదే కాదేమోనని ఆమెకు కాస్త అనుమానమైనా ఉండింది. దాన్ని కూడా లేకుండా చేసి వచ్చాను. ఎందుకలా అన్నాను? భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా నాలో దొరకలేదు.

ఇప్పుడామె తోటలోకి పోదట, ఫోను ముట్టదట. పిల్లలను అత్త తన దగ్గరే పెట్టుకుని తల్లి దగ్గరికి పోనివ్వదట. నేను మాత్రం అదే కుర్చీలో ఉన్నాను. ఈ వారం తోటలకు మందు కొట్టే యంత్రం టూల్‌కు మాటలు రాయమన్నారు. ప్రశ్నలు తక్కువగా ఉండాలన్నారు. రాయనని నేను చెప్పలేదు.

ఆమె ఎదుటికి పోయే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. పోయినా ఓబులేసు తిరిగి రాడు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆ రోజు వసారాలో చెప్పవలసిన జవాబును ఒక్కసారైనా రాసి చూసుకోవాలనిపించింది, అంతే. ఈశ్వరమ్మా, అది నిన్ను అడిగి ఉండేది. అడగకుండా చేసింది నేను.