వెంకటేశ్వరమ్మ గారి పిల్లి

చేపలు పట్టేది మగాడు, అమ్మేది ఆడది. అమరావతికి ఎగువన కృష్ణ ఒడ్డునున్న ఆ పాతిక గుడిసెల పల్లెలో ఇది ఎవరూ రాయకుండానే నడిచే శాసనం. ఆడది పడవెక్కితే గంగమ్మకు కోపం, మగాడు గంపెత్తుకుంటే మీసానికి అవమానం. గంగమ్మ సంగతి యలమందయ్యకు పెద్దగా పట్టేది కాదు గానీ, మీసం సంగతి మాత్రం బాగా పట్టేది.

ఆయనకు నలభై అయిదేళ్లు. వల విసిరితే చాప పరిచినట్టు పడేది. "యలమందయ్య వల వట్టిగా రాదు" అని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. వట్టిగా వచ్చిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. ఊళ్లవాళ్లకు ఎందుకు గుర్తులేవో ఎన్నడూ ఆలోచించలేదు. మంచి పేరు ఎలా వచ్చిందని ఎవడు ఆరా తీస్తాడు? భార్య కోటిరత్నం ఎండలో నాలుగు ఊళ్లు తిరిగి వచ్చి కాళ్లు చాపుకుంటే మాత్రం, "చచ్చిన చేపని అమ్మడం కూడా ఓ పనేనంటే? బతికున్నదాన్ని పట్టు, తెలుస్తది" అనేవాడు.

ఎనభై అయిదులో, మిరపకోతల రోజుల్లో, ఆ కోటిరత్నం రేవులో జారి చీలమండ బెణికించుకుంది. కట్టు కట్టినాయన పది రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. పక్క పల్లెలో చేపలమ్మే హనుమాయమ్మకు అన్ని రోజులు అక్కర్లేదు. కోటిరత్నం ఇరవై ఏళ్లుగా కూడగట్టిన వాడుక ఇళ్లన్నీ మూడు రోజుల్లో ఎగరేసుకుపోతుంది. ఆ తర్వాత యలమందయ్య ఎన్ని చేపలు పట్టినా కాకులకు వేసుకోవాల్సిందే.

"నువ్వే పో మావా, తప్పదు," అంది కోటిరత్నం. "పెద్దరైతు గారింట్లో కోడలు సుబ్బరావమ్మ గారికి బొచ్చె చేపలియ్యి. ఆళ్లత్త వెంకటేశ్వరమ్మ గారి పిల్లికి రెండు కొర్రమీనులు, పెరటి వైపు నుంచి."

"పిల్లికి కొర్రమీనులా?"

"ఇయ్యమన్నకాడికి ఇయ్యి."

గంప నెత్తిన పెట్టుకోలేక సైకిలు క్యారేజీకి కట్టుకున్నాడు. ఊళ్లోకి వచ్చాక అసలు చిక్కు బయటపడింది. కేకెయ్యడం రాదు. మాట వినబడితే చేప బెదురుతుందని చిన్నప్పటి నుంచి నోరు మూసుకుని బతికినవాడు. ప్రతి గుమ్మం ముందూ సైకిలాపి, వల కాడ నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అప్పులవాడనుకుని రెండిళ్లవాళ్లు తలుపులేసుకున్నారు.

ఎలాగో పెద్దరైతు ఇల్లు చేరాడు. దారిలో ఆయనకో గొప్ప ఆలోచన వచ్చింది. మనుషులకే దొరకని కొర్రమీనులు పిల్లికెందుకు? వాటిని మిరపతోటలో కూలీలకిచ్చి రెండు దోసిళ్ల ఎండుమిరపకాయలు పుచ్చుకున్నాడు. పిల్లికి నాలుగు చేప తలకాయలు ఆకులో చుట్టాడు. పెరటిదారి ఎటో తెలియక వీధి గుమ్మంలోనే సుబ్బరావమ్మకు అందించాడు.

"ఇయ్యి పెద్దమ్మగారి పిల్లికండి. రోజూ కొర్రమీనులంటే పిల్లి పాడైపోద్దండి, తలకాయలు చాలు."

సుబ్బరావమ్మ తెల్లబోయింది. "మా ఇంట్లో పిల్లెక్కడుంది?"

లోపల్నుంచి వెంకటేశ్వరమ్మ గారు పరుగున వచ్చారు. ఆవిడ ఆరేళ్ల క్రితం కాశీ వెళ్లారు. కాశీలో ప్రాణప్రదమైనది ఏదో ఒకటి వదిలి రావాలి కదా, ఆవిడ చేపలు వదిలారు. ఆ త్యాగానికి ఊరంతా దణ్ణం పెట్టింది. ఇప్పుడా ఆకులోని తలకాయలను, కోడలి మొహాన్ని, యలమందయ్య మీసాన్ని మార్చి మార్చి చూసి, "ఒరేయ్, నీ గంప మళ్లీ ఈ వీధిలో కనబడిందో!" అని అరిచారు.

ఆ ఇల్లు వద్దన్న గంపను ఆ ఊళ్లో ఇంకెవరూ దించుకోరు. సాయంత్రం సంగతంతా విని కోటిరత్నం తల బాదుకుంది. ఏడ్చింది కూడా. యలమందయ్యకు అప్పుడు తెలిసింది, పిల్లి ఎవరో.

"ముందే చెప్పొచ్చుగదే!"

"పెద్దమ్మగారు నన్ను నమ్మి తిన్నారు. మొగుడివైతే మాత్రం నీకెందుకు చెప్తా?" కళ్లు తుడుచుకుని కాసేపు ఆలోచించింది. "పొద్దున్నే రేవుకాడ ఓ పిల్లిని పట్టు."

నదిలో ఏ చేపా ఆయన్ని అంత ఏడిపించలేదు. మోచేతుల దాకా గీరించుకుని, ఒక గండుపిల్లిని గంపలో మూతేసి కట్టాడు. కోటిరత్నం ఆ గంపను ఒళ్లో పెట్టుకుని, కట్టుకాలు చాపుకుని క్యారేజీ మీద కూర్చుంది. ఆయన సైకిలు నడిపించుకుంటూ వెళ్లాడు.

"అమ్మగారూ, మీ గడ్డివాములో ఉండేది ఇదేనండి," అంది సుబ్బరావమ్మతో. "పెద్దమ్మగారు జాలిపడి మేపుతున్నారు. దొంగముండ, మీ కంటబడదు. నిన్న మా రేవుకొచ్చేసింది."

మూత తీయగానే పిల్లి దూకి, ఇల్లంతా వదిలేసి, తిన్నగా వెంకటేశ్వరమ్మ గారి కాళ్ల దగ్గరకు పోయి చీర కుచ్చిళ్లు వాసన చూసింది. ఆవిడ కదల్లేదు. సుబ్బరావమ్మ పైట కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"చాలా చిక్కిపోయింది అత్తయ్యా. రేపట్నుంచి నాలుగు పుచ్చుకోండి. పెరట్లోకెందుకు, నేనే వండి పెడతాలే, పిల్లికి."

వెంకటేశ్వరమ్మ గారు గొంతు సవరించుకుని, "కారం కాస్త తగలనియ్యి," అన్నారు.

తిరుగుదారిలో యలమందయ్య సైకిలాపి అడిగాడు.

"ఇట్టాంటియి ఇంకెన్ని దాచావే నీ కడుపులో?"

"ఊరన్నాక ఉంటయ్."

"నాయి కూడా ఉన్నయ్యా?"

కోటిరత్నం ఖాళీ గంపలోకి చూసింది. "నీ వల వట్టిగా వచ్చిన రోజున జక్రయ్య పడవ కాడ చేపలు కొనుక్కుని పోతా. మా ఆయన పట్టాడనే చెప్తా."

ఆయన మీసం మీదికి పోబోయిన చెయ్యి సగంలోనే ఆగి, మళ్లీ హ్యాండిల్ పట్టుకుంది.

పదకొండో రోజు తెల్లవారగానే, కోటిరత్నం రేవులో నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని గంప ఎత్తేవాళ్ల కోసం చూస్తోంది. యలమందయ్య పడవ దిగి వచ్చి, పల్లె మగాళ్లంతా చూస్తుండగా గంప తన నెత్తికెత్తుకున్నాడు.

"ఒడ్డెక్కేదాకా నేను మోస్తాలే," అన్నాడు. "ఆ తర్వాత పని నాకు రాదు."