కరివేపాకు చెట్టుమీది తేనెపట్టు, నా కింది పెదవి

ఈ సాయంత్రం మా పెరట్లో కరివేపాకు చెట్టుకు పట్టిన తేనెపట్టును కాల్చేయడానికి నాయన కట్టెకు గోనెసంచి చుట్టి కాగడా తయారుచేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెట్టుకు అడ్డంగా నిలబడి, తేనెటీగలు శ్రమజీవులనీ, ఇది పచ్చి దౌర్జన్యమనీ పిడికిలెత్తి ఉపన్యాసం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే ఒక శ్రమజీవి వచ్చి నా కింది పెదవిని కుట్టింది. పెదవి వంకాయంత వాచి, మాట ఆగిపోయింది.

నాయన నన్నే కాసేపు చూసి, కాగడా పక్కన పడేశాడు.

“ఏంది, కాల్చేది లేదా?” అంది అమ్మ.

“ఇరవై రెండేండ్లుగా నేను మూయించలేని నోరు ఇది. ఒక్క ఈగ మూయించింది సూడు! వీటిని యాడికీ పోనీను, ఈడే ఉండనీ.”

తేనెపట్టు దక్కింది. నేను గెలిచినట్టా, ఓడినట్టా? మీరే చెప్పండి. కామెంట్లలో వాదించడానికి నా వేళ్లు బాగానే ఉన్నాయి.