స్కాన్ గదిలో అందిన చెయ్యి

మాది నూజివీడు దగ్గర ముసునూరు. నిరుడు మామిడి కోతలప్పుడు నాకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఎముకలకు పాకిందేమో చూడాలని విజయవాడలో బోన్ స్కాన్ చేయించమన్నారు.

సూదిమందు ఎక్కించాక నర్సు, "ఇందులో రేడియేషన్ ఉంటుందండీ. ఇవాళంతా కడుపుతో ఉన్నవాళ్లకి, చంటిపిల్లలకి దూరంగా ఉండండి" అంది. తోడొచ్చిన నా కూతురికి ఏడో నెల. తనను బయటికి పంపేసి, నన్ను వేరే గదిలో కూర్చోబెట్టారు. కూతురు పక్కన లేకపోయేసరికి భయమేసింది.

పక్క కుర్చీలో ఒకావిడ ఉంది, చింతలపూడి నుంచి వచ్చిందట. నన్ను చూసి చెయ్యి చాపింది. "నాకూ అదే మందు ఎక్కించారమ్మా. నా చెయ్యి పట్టుకో, పర్లేదు. నీ పేరు చెప్పు, ప్రార్థన చేస్తాను" అంది. స్కాన్‌కి పిలిచేదాకా నా చెయ్యి వదల్లేదు.

నా ఎముకలకు ఏమీ పాకలేదని రిపోర్టు వచ్చింది. ఆవిడకేం వచ్చిందో తెలియదు. నా కంగారులో నేను పేరైనా అడగలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడల్లా, "ఆ చింతలపూడి ఆవిణ్ణి చల్లగా చూడు స్వామీ" అని వేడుకుంటున్నాను.