నా పేరు పుట్టిన ఊరు

నా పేరు పైల సలీం. గుళ్లో గోత్రం చెప్పి ఈ పేరు చెప్పగానే పూజారి తలెత్తి చూస్తాడు. యాభై రెండేళ్లుగా ప్రతి కౌంటరు దగ్గరా సంజాయిషీ చెప్పి విసిగిపోయి, పేరు మార్పు కాగితాలు తయారుచేయించాను. సంతకం పెట్టబోతుంటే మా ఆవిడ అడ్డుపడింది.

"ఎందుకెట్టినారో ఒకపాలి కనుక్కోండి. ఆ తర్వాత మీ ఇష్టం."

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే యార్డులో పెట్టెలు తగిలించే పని చేసేవాడు. నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ నన్ను శ్రీకాకుళం తీసుకొచ్చేసింది. "ట్రాఫిక్ కాలనీ సలీం భాయ్ పేరు" అన్నదే తప్ప, ఎప్పుడడిగినా కళ్లొత్తుకుని ఊరుకునేది. ఇప్పుడు అమ్మా లేదు.

ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని, ఉదయం ఆరుంబావుకి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో హౌరా బండి ఎక్కాను. స్లీపరు టికెట్టు నాలుగొందల లోపే. బరంపురంలో ఇడ్లీ తిన్నాను, చల్లారిపోయి ఉంది. ఎదుటి సీట్లో అరబ్బీ పాఠాలు చెప్పే మాస్టారు. నా పేరు విని ఆయన నవ్వలేదు, అదే పదివేలు.

"అరబ్బీ పేరు. ఏ దెబ్బా తగలనివాడు, క్షేమంగా ఉన్నవాడు అని అర్థం. సలాం అన్న మాటా ఆ వేరు నుంచి వచ్చిందే" అన్నారు హిందీలో.

సాయంత్రం నాలుగున్నరకి ఖరగ్‌పూర్‌లో దిగాను. ప్లాట్‌ఫారం ఎంత నడిచినా తరగదు, సామాను తక్కువ తెచ్చుకోండి. టోటో అనే బ్యాటరీ రిక్షాలో ట్రాఫిక్ కాలనీకి ఇరవై రూపాయలు. టీకొట్టులో అడిగితే, "ఒంటికాలు సలీం చాచాయేనా? అదిగో, కొడుకు క్వార్టర్లో ఉంటాడు" అన్నారు.

ఎనభై దాటిన మనిషి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు మోకాలి కింద లేదు. "పైల అప్పన్న కొడుకుని" అనగానే నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని మా యాసలోనే చెప్పాడు.

"మీ నాన్న రెండు పెట్టెల మధ్య ఉన్నాడు. ఇంజను ఎనక్కి వచ్చినాది. నేను తోసేసినాను. ఆడు బయటపడ్డాడు, నా కాలుండిపోయినాది. అప్పటికి నీకు వారం, బేటా."

ఇరవై ఒకటో రోజున నాన్న నన్ను తువ్వాలులో చుట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడట. నీ పేరే వీడి చెవిలో చెప్పమన్నాడట.

"నాకు కోపమొచ్చినాది. దెబ్బ తగలనోడని నా పేరు, కాలు సూస్తే ఇలగున్నాది. పనిసెయ్యని పేరు పిల్లడికేటికి అన్నాను."

"నాన్నేమన్నాడు చాచా?"

"'పనిసేసినాది భాయ్, నాకు పనిసేసినాది' అన్నాడు. ఇంకేటి సెప్తాను? నీ సెవిలో మూడుసార్లు సెప్పినాను."

ఆ రెండు పెట్టెల మధ్య నుంచి నాన్నతో పాటు బయటికొచ్చింది నా పేరు! వంగి ఆ ఒక్క పాదాన్నీ ముట్టుకున్నాను. చాచీ సేమియా పెట్టింది. సంచిలో ఏటున్నాదని చాచా అడిగితే, ఏమీ లేదన్నాను. సిగ్గేసింది.

స్టేషన్ దగ్గర లాడ్జీ ఏడొందలు, దుప్పటి శుభ్రంగానే ఉంది. పొద్దున్న బండెక్కే ముందు ఆ కాగితాలు చింపి చెత్తబుట్టలో వేశాను.

బాలాసోర్ దాటాక టిక్కెట్లు చూసే ఆయన వచ్చాడు. "సలీం?" అని నా నుదుటి విభూతి వంక చూశాడు.

"నేనేనండీ" అన్నాను, పెట్టె అంతా వినబడేలా. చాచా మూడుసార్లు చెప్పిన పేరును నోరారా ఒక్కసారి చెప్పడానికి నాకు యాభై రెండేళ్లు పట్టింది.