రానియ్ కాక

మా మల్లప్ప కాకకు ఒక్కటే జబ్బు. ఎక్కడ ఎవరు ఏ బరువు మోస్తున్నా, పిలవకపోయినా సరే, ఎదురుగా పోయి నిలబడి దారి చూపించాలి. ఈ జబ్బుకు మందు లేదు. ఒకవేళ ఉన్నా, ఆ మందు పెట్టెను ఆటోలోంచి దింపేటప్పుడు ఎదురుగా కాకే నిలబడి ఉండేవాడు. సీసాలు మిగిలేవి కావు.

సోలాపూర్ భవాని పేట్‌లో మాది సన్నటి సందు. రెండు వైపులా ఇళ్లు, ఇళ్లలోనే పవర్‌లూమ్‌లు. సందు మొదట్లో టెంపో వచ్చి ఆగితే మగ్గాల ఖటాఖట్‌లో మాకెవరికీ వినపడదు. కాకకు వినపడుతుంది. తువ్వాలు భుజాన వేసుకుని, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో చెప్పు తొడుక్కుని వచ్చేస్తాడు. రెండు చేతులూ పైకెత్తి మొదట మరాఠీ అందుకుంటాడు. "యేవూ ద్యా, యేవూ ద్యా!" రానివ్వండి అని దాని అర్థం. తర్వాత తెలుగు. "రానియ్, రానియ్! ఇంకా రానియ్!" ఆ తర్వాత ఏ భాషకూ చెందని చప్పుడొకటి వస్తుంది. అది గోడది.

అందుకే సందులో అతని పేరు రానియ్ కాక. మల్లప్ప అన్న పేరు ఆధార్ కార్డుకు, నాకు, మా అమ్మకు మాత్రమే తెలుసు.

బాలయ్య ఇంటికి ఇనుప బీరువా వచ్చిన రోజు గుమ్మం పక్కన గోడ పెచ్చులూడింది. శాంతక్క ఇంటికి మంచం వచ్చిన రోజు కిటికీ రెక్క ఒకటి లోపల, ఒకటి బయట పడింది. కుమఠా నాకా దగ్గర నూలు బేళ్ల టెంపో వెనక్కి వస్తుంటే చాయ్ హోటల్ గుంజ వంగింది. ఆ హోటల్ ఇప్పటికీ వచ్చేపోయేవాళ్లకు నమస్కారం పెడుతున్నట్టే ఉంటుంది. ప్రతిసారీ జరిగే విచారణ మాత్రం ఒకటే.

"రానియ్ అన్నది ఎవడు?"

"నేనే అన్న."

"కండ్లు లేవా కాకా?"

"ఉన్నయ్. జర లేట్‌గ పనిచేస్తయ్."

మరునాడు పొద్దున్నే తెల్ల సిమెంటు పొట్లం, తాపీ పట్టుకుని అతుకు వేయడానికి వస్తాడు. కాక వేసిన అతుకు చూశాక, అసలు దెబ్బే ఇంతకన్నా బాగుండేదని ఇంటివాళ్లు ఒప్పుకుంటారు. సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఎవరింటికి ఏ సామాను వచ్చిందో గోడలే చెబుతాయి.

కాక మాకు రక్తసంబంధం కాదు. మా నాయన పక్క మగ్గం మీద పనిచేసినవాడు. మా అమ్మ గంగమ్మను "వదినా" అంటాడు. మగ్గం పని మానేశాక రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, అమ్మ బీడీలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని చాయ్ తాగి పోతాడు. ఒంటరి మనిషి. ఇంట్లో పొయ్యి ఉంది గానీ చాయ్‌కి తోడు ఎవరూ లేరు. ఆ చాయ్ పోయేంత పని జరుగుతుందని మేమెవరమూ అనుకోలేదు.

మార్కండేయుడి రథోత్సవం దగ్గర పడుతోందని మా ఆవిడ అశ్విని ముచ్చటపడి గుమ్మం పక్కన టైల్స్ బొమ్మ పెట్టించింది. మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకుని ఉంటాడు. శివుడు త్రిశూలంతో లేస్తుంటాడు. ఇటు చివర యముడు దున్నపోతు మీద కూర్చుని పాశం విసురుతుంటాడు. పద్మశాలీ ఇంట్లో ఆ బొమ్మకు ఉన్న గౌరవం నాకు లేదు. నేను దాన్ని ఆనుకుని చెప్పులు తొడుక్కున్నానని రెండు పూటలు మాటలు పడ్డాను. దాని సిమెంటు ఆరిందో లేదో, ఫ్రిజ్ వచ్చింది.

తెచ్చినవాడు వాసుదేవ్. ఒకప్పుడు కుమఠా నాకాలో మగ్గం నడిపినవాడే. కార్ఖానా మూతపడ్డాక షోరూమ్ సామాను మోస్తున్నాడు. వెనక ఇంకొకతను. మా అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, గడప మీద కొబ్బరికాయ కొట్టి, గంట ఊపుతూ హారతి పాట ఎత్తుకుంది. మా అమ్మాయి మేఘన ఫోన్‌లో వీడియో తీస్తోంది. నేను వంటింట్లో ఫ్రిజ్‌కు చోటు చేస్తున్నాను. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు.

పరుగెత్తుకొచ్చి చూస్తే ఫ్రిజ్‌కు గీత కూడా పడలేదు. యముడికి మాత్రం పాశం పట్టిన చెయ్యి మోచేతి దాకా పోయింది. దున్నపోతు కొమ్మొకటి గడప మీద ఉంది. ఎదురుగా కాక చేతులెత్తి నిలబడి, "రానియ్! ఇంకా రానియ్!" అంటున్నాడు.

"యాడికి రానియ్యాలె కాకా? యముని ఒళ్లెకా?" అని అశ్విని అరిచింది.

వాసుదేవ్ ఫ్రిజ్ దింపి చేతులు జోడించాడు. "అక్కా, కంప్లేంట్ చెయ్యకున్రి. మొన్న ఒకరింట్ల నల్లా పైపు ఇరిగింది. ఇంకోటి వస్తె పనిలకెల్లి తీసేస్తమన్నరు."

"మరి నా బొమ్మ ఎవరిస్తరు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం నేను షోరూమ్‌కు ఫోన్ చేశాను.

"మీ మనుషులు మా యముడి చెయ్యి విరగ్గొట్టారు" అన్నాను హిందీలో.

అటువైపు అమ్మాయి ఒక క్షణం ఆలోచించింది. "ఏ మోడల్ సర్?"

వివరించాను. ఫ్రిజ్‌కు దెబ్బ తగిలితే తాము చూసుకుంటామని, ఇంటికి తగిలితే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లను అడగాలని చెప్పింది. వాళ్లకు చేస్తే, ట్రాన్స్‌పోర్ట్ ఆయన తన బాధ్యత టెంపో చక్రాల వరకేనని, దిగాక మోసినవాడిదేనని అన్నాడు. మోసినవాడు మా గడప పక్కన చెమట తుడుచుకుంటున్నాడు. చల్లగా కూర్చున్నవాళ్లందరి దగ్గరా తిరిగిన బాధ్యత, చివరికి వెతుక్కుంటూ వచ్చి వీపు నొప్పిపుడుతున్నవాడి మీదే ఎక్కి కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. అయినా యముడి చెయ్యి కూడా కళ్ల ముందే ఉంది.

"వాడి పేరు చెప్పండి, రేపటి నుంచి రాడు" అన్నాడు ట్రాన్స్‌పోర్ట్ ఆయన. "ఆఁ, ఇంకొక మాట. మీ ఇంటి మనిషి ఎవరైనా దారి చూపించాడా? చూపిస్తే మాత్రం మాకూ మావాడికీ సంబంధం లేదు."

ఆ మాట స్పీకర్‌లో వినపడగానే కాక నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "హలో! మైఁచ్ బోల్యా ఆనే దో! మేరీచ్ గల్తీ! ఘర్‌కాచ్ ఆద్మీ హూఁ!" అన్నాడు. నేనే రమ్మన్నా, తప్పు నాదే, ఇంటి మనిషినే అని మూడు ముక్కల్లో తేల్చేశాడు. అవతలివాడు సంతోషంగా ఫోన్ పెట్టేశాడు. వాసుదేవ్ కాక వైపు ఒకసారి చూసి, ఫ్రిజ్‌ను వంటింట్లో పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

"ఇంటి మనిషంట!" అంది అశ్విని. "ఇయ్యాల్టి సంది ఈ ఇంటి మనిషికి ఈ ఇంట్ల చాయ్ బంద్."

"కొమ్ము అతుకుత గద, చాయ్ ఎందుకు బంద్?" అన్నాడు కాక.

మా అమ్మ బీడీల చాట ఒళ్లోకి తీసుకుని తీర్పు చెప్పింది. "కండ్లు నెత్తికెక్కినయ్ మల్లప్పకు. తప్పు జేసినోడు అనుభవించాలె."

కాక వదిన వైపు చూశాడు. ఏదో అనబోయి, తువ్వాలు సర్దుకున్నాడు.

మరునాడు వచ్చి తెల్ల సిమెంటుతో కొమ్ము చేసి పెట్టాడు. అది చెవిలా వచ్చింది. దాంతో యముడు గాడిద మీద వస్తున్నట్టయింది. యముడి చెయ్యి చెయ్యబోతే అశ్విని తాపీ లాగేసుకుంది. ఆ రోజు నుంచి సాయంత్రం మా ఇంట్లో చాయ్ మరిగే వేళకు కాక ఎదురింటి అరుగు మీద కూర్చుని, వాసన పీల్చి, తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు. చూస్తుంటే నాకు చాయ్ దిగేది కాదు. అలాగని మా ఆవిడకు ఎదురుచెప్పేంత ధైర్యం నాకు లేదు.

రథోత్సవం దాటాక ఒక రోజు భివండీ నుంచి మా మేనత్త యల్లమ్మ ఫోన్ చేసింది.

"మేఘనా, నువ్వు పెట్టిన ఫ్రిజ్ రీల్ ఇప్పుడు జూసిన. గంగమ్మ హారతి పాట యాడ పోయింది? అండ్ల ఎవడో సినిమా పాట పాడుతుండు."

మేఘన సినిమా పాట కలపని అసలు వీడియో వెతికింది. తన పాట ఎలా వచ్చిందో విందామని అమ్మ కూడా చాట పక్కన పెట్టి ఫోన్ దగ్గరికి జరిగింది. అందరం చూశాం.

అమ్మ గడప మీద కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు గడపంతా పారాయి. గంట మోగుతోంది, పాట నడుస్తోంది. ఆ గోలలో, చెవి ఫోన్‌కు ఆనిస్తే తప్ప వినపడకుండా, కాక గొంతు. "బస్, బస్! ఆగు వాసుదేవ్, కింద నీళ్లున్నయ్!" వాసుదేవ్ కాలు కొబ్బరినీళ్ల మీద పడింది, జారింది, ఫ్రిజ్ మూల యముడికి తగిలింది. గంట ఆగిపోయింది. కాక వాసుదేవ్ ముఖం చూశాడు. చేతిలో కొబ్బరిచిప్పతో నిలబడ్డ వదినను చూశాడు. అప్పుడు, అంతా అయిపోయాక, రెండు చేతులూ పైకెత్తాడు.

"రానియ్! ఇంకా రానియ్!"

మేఘన మళ్లీ వేసింది. మళ్లీ అదే. ముందు ఆగమనే బస్, తర్వాత చప్పుడు, ఆ తర్వాత రానియ్.

మా అమ్మ చాట ఒళ్లోకి లాక్కుంది. "కొబ్బరికాయ నేను దేవునికి కొట్టిన. నీళ్లు గూడ దేవునియే."

"అయితె కంప్లేంట్ల దేవుని పేరు రాయిద్దామా అత్తమ్మా?" అంది అశ్విని.

"మల్లప్ప నాకొక్క మాట చెప్పకపాయె."

"చెప్తె నువ్వు ఊకుంటుంటివా?"

అమ్మ ఒక తునికాకు తీసుకుని చాలా శ్రద్ధగా కత్తిరించింది.

నేను బయటికొచ్చి అరుగు మీద కాక పక్కన కూర్చున్నాను. "కాకా, ముందుగాల నువ్వు బస్ అన్నవంట గద."

"అన్ననా? యాదికి లేదు."

"వీడియోల ఉన్నది."

"ఈ ఫోన్లు శాన ఖరాబ్ చీజ్ రా మహేశ్."

"అన్నిసార్లు గిట్లనేనా? బాలయ్య బీరువా? శాంతక్క కిటికీ?"

కాక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మోసెటోని చేతులల్ల బీరువా ఉంటది. దాని మీద తప్పు గూడ పెడితె ఎట్ల మోస్తడు రా? నా చేతులు ఖాలీనే గద."

ఇన్నేళ్లూ ఈ మనిషిని చూసి నవ్వుకున్నాం, ఇక ముందు కూడా నవ్వుకుంటాం గానీ, ఆ క్షణంలో అతని మీద పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు. అది గమనించాడో ఏమో, కాక గొంతు సవరించుకున్నాడు.

"చాయ్ హోటల్ గుంజ మాత్రం నిజంగ నా తప్పే."

ఆ సాయంత్రం అశ్విని తనే సందు దాటి అరుగు దగ్గరికి చాయ్ తెచ్చింది. పక్కన కరకరలాడే జొన్న కడక్ భాకరీ, పల్లీల షేంగా చట్నీ. వీడియో మాట ఎత్తలేదు. "చక్కెర సరిపోయిందా కాకా?" అని మాత్రం అడిగింది.

"జర తక్కువైంది" అన్నాడు కాక.

బొమ్మను మార్పిద్దామని నేను అంటే అశ్విని వద్దంది. "యముని చేతిల పాశం లేకుంటె మనకేం నష్టం? ఉండనియ్."

ఎండాకాలం వచ్చింది. సోలాపూర్ ఎండకు తాళలేక కాక తనకోసం ఒక కూలర్ కొనుక్కున్నాడు. తెచ్చింది వాసుదేవే. ఇన్నాళ్లకు కాక ఇంటికే సామాను వస్తోందని మగ్గాలు ఆపి మరీ సందంతా బయటికొచ్చింది. కాక తన గుమ్మంలో తనే నిలబడి చేతులెత్తాడు. "యేవూ ద్యా, యేవూ ద్యా... బస్! బస్!"

కూలర్ మూల తగిలి గుమ్మం పక్క గోడ పెచ్చు ఇంత మేర ఊడి కింద పడింది. వాసుదేవ్ ముఖం పాలిపోయింది. కాక "రా" అనడానికి నోరు తెరిచాడు.

అంతలోనే మా అరుగు మీద నుంచి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తల కూడా ఎత్తకుండా మా అమ్మ గట్టిగా అరిచింది.

"రానియ్! ఇంకా రానియ్!"

సందంతా అమ్మ వైపు తిరిగింది. కాక తెరిచిన నోటితోనే వదిన వైపు తిరిగాడు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"కండ్లు లేవా వదినా?"

"ఉన్నయ్. జర లేట్‌గ పనిచేస్తయ్" అంది మా అమ్మ.

అశ్విని లోపలికెళ్లి వాసుదేవ్‌కు కూడా కలిపి చాయ్ పెట్టింది.